చేప కొనండి, తలకాయ వదిలేసి రాకండి



పోయిన నెల పీటీఎంలో నా టేబుల్ దగ్గరికి వచ్చిన పేరెంట్స్‌లో గ్రామర్ గురించి, రీడింగ్ గురించి అడిగినవాళ్లు ఎంతమందో, పిల్లల తిండి గురించి అడిగినవాళ్లూ దాదాపు అంతమందే. "మేడం, మా వాడు క్లాసులో అందరికన్నా పొట్టి. బోన్ బ్రాత్ పట్టిస్తే ఎముకలు గట్టిపడతాయంటున్నారు, నిజమేనా?" అని ఒకరు అడిగారు. "చికెన్ బోన్స్‌తో చేస్తే తాగట్లేదు, ఫిష్‌తో చేయొచ్చా? ఏ ఫిష్ తేవాలి?" అని ఇంకొకరు. ఒక తండ్రి అయితే ఫోన్‌లో రీల్ చూపించి, "ఈ సాల్మన్ హెడ్ మన హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుంది?" అన్నారు.

నేను డైటీషియన్‌ని కాదు, ఇంగ్లిష్ టీచర్‌ని. అయితే మా ఊరు కొల్లేటి పక్కన. చేపల చెరువుల గట్ల మీద నడిచి బడికి వెళ్లినదాన్ని. చేప గురించి ఎవరైనా అడిగితే ఊరుకోలేను. అందుకే ఈ నెల న్యూస్‌లెటర్‌లో స్పోకెన్ ఇంగ్లిష్ చిట్కాలు పక్కన పెట్టి ఈ విషయం రాస్తున్నాను. శాకాహారం తీసుకునే కుటుంబాలు ఈ ఒక్క నెల నన్ను మన్నించాలి. కాల్షియం గురించి రాసిన మాటలు మాత్రం మీకూ పనికొస్తాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిల్లల సూప్‌కి ఖరీదైన చేప అక్కర్లేదు. సాల్మన్ అసలే అక్కర్లేదు. ఆదివారం మీరు ఎలాగూ కొనే బొచ్చె, రవ్వ, కొర్రమీనులో మీరు వద్దని వదిలేసి వచ్చే తలకాయ, నడిమి ముల్లు చాలు. అలాగే ఆ సూప్ నుంచి రాని వరాలు ఆశించకండి. ఈ రెండు మాటలూ ఎందుకంటున్నానో వివరంగా చెప్తాను.

డబ్బు ఇచ్చేది మనమే, వదిలేసేదీ మనమే

రాంనగర్ మార్కెట్ కానివ్వండి, మీ వీధి చివర ఆదివారం బండి కానివ్వండి, చేపను తూకం వేసేది కోయకముందే. తల, తోక, పొలుసు, పేగులు అన్నీ ఆ తూకంలోనే ఉంటాయి. బొచ్చె చేపకైతే ఒంటితో పోలిస్తే తల చాలా పెద్దది. కోసే అబ్బాయి "తల కావాలా సార్?" అని అడుగుతాడు. మనం "వద్దులే" అంటాం. కొందరైతే పిల్లలకి గుచ్చుకుంటుందని నడిమి ముల్లు కూడా తీసేయించి, ఒట్టి కండ ముక్కలే తెచ్చుకుంటారు. యాప్‌లో ఆర్డర్ చేసేవాళ్లు ఒకసారి స్క్రీన్ మీద చూడండి. కోయకముందు బరువు ఒకటి, కోశాక బరువు ఒకటి, రెండూ రాసి ఉంటాయి. ఆ రెంటి మధ్య తేడాలో ఉన్నది ఎక్కువగా తల, ముల్లే. దానికీ మీరే డబ్బు కట్టారు.

తర్వాత అదే ఇంట్లో బోన్ బ్రాత్ పౌడర్ డబ్బా, కొల్లాజెన్ డబ్బా కొంటున్నాం. చేపల కొల్లాజెన్ అని రాసి ఉండే డబ్బాల్లో ఉండేది చాలావరకు చేప చర్మం, పొలుసు, ముళ్ల నుంచి తీసిన పదార్థమే. మార్కెట్‌లో వద్దని వదిలేసినదాన్నే మళ్లీ పొడి రూపంలో ఎన్నో రెట్లు పోసి తెచ్చుకుంటున్నామన్నమాట. ఫీజులు కట్టి, బస్సు డబ్బులు కట్టి, పుస్తకాలు కొని నెల గడిపే కుటుంబాల కష్టం టీచర్‌గా నాకు తెలుసు. పిల్లల మీద ప్రేమను డబ్బాలవాళ్లు సొమ్ము చేసుకుంటుంటే చూస్తూ ఊరుకోబుద్ధి కాదు.

సూప్‌లో ఏముంటుంది, ఏముండదు

తల, ముల్లు, చర్మం నీళ్లలో ఉడికితే వాటిలోని కొల్లాజెన్ కరిగి జెలటిన్‌గా మారుతుంది. పాయా చల్లారితే పైన గడ్డకట్టడం మీరు చూసే ఉంటారు. అదే ఇది. చేప తలకాయ రసాన్ని ఫ్రిజ్‌లో పెడితే పల్చని జెల్లీలా అవుతుంది. రుచి, ఒంటికి కావలసిన నీరు, కొంత ప్రొటీన్ దాంట్లో ఉంటాయి. జలుబు చేసి ఏమీ తినలేని పిల్లాడికి వేడివేడిగా ఒక గ్లాసు ఇస్తే గొంతుకి హాయిగా ఉంటుంది. అదే రసం అన్నంలో కలిపితే మారాం చేసే పిల్లలు కూడా నాలుగు ముద్దలు ఎక్కువ తింటారు. ఇవన్నీ నిజమైన లాభాలే.

కాని జెలటిన్ పూర్తి ప్రొటీన్ కాదు. మన ఒంటికి తప్పనిసరిగా కావలసిన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం అందులో లేదు. అందుకని సూప్ తాగాడు కదా అని గుడ్డు, పప్పు, చేప ముక్క మానేస్తే పిల్లాడికి నష్టమే.

ఇక కాల్షియం. పీటీఎంలో అందరూ అడిగింది దీని గురించే. ముల్లులో కాల్షియం దండిగా ఉన్న మాట నిజం. కాని అది నీళ్లలోకి సులువుగా దిగదు. వెనిగర్ వేసినా, చింతపండు వేసినా, రోజంతా మరిగించినా దిగేది కొద్దిగానే. ఒక గ్లాసు పాలలో సుమారు 300 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఇంట్లో చేసిన గ్లాసుడు ముళ్ల సూప్‌లో అందులో పదో వంతు కూడా ఉండదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం 10 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 850 మిల్లీగ్రాములు కావాలి. సూప్‌ని నమ్ముకుంటే ఆ లెక్క ఏనాటికీ తీరదు.

మరి తీరేది ఎలా? పాలు, పెరుగు, రాగులు, నువ్వులు. రాగుల్లో వంద గ్రాములకు 350 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. చేపల్లోనే కావాలంటే ముల్లుతో సహా నమిలి తినే చిన్న చేపలు తినాలి. నెత్తళ్లు, చెరువు పరిగెలు అలాంటివే. ముల్లులోని కాల్షియం కావాలంటే ముల్లు తినాలి, ముల్లు ఉడికిన నీళ్లు తాగితే రాదు. మన అమ్మమ్మలు నెత్తళ్ల వేపుడు కరకరలాడించి పిల్లలకి పెట్టింది ఊరికే కాదు.

ఏ చేప సూప్‌కి, ఏ చేప పులుసుకి

ఇంగ్లిష్‌లో అన్నింటినీ "ఫిష్" అనేస్తాం గానీ, వంటింట్లో అన్నీ ఒకటి కావు. సూప్‌కి చేపను ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది కొవ్వు. కొవ్వు తక్కువ ఉన్న చేప తల, ముల్లు రసానికి బాగుంటాయి. నూనె ఎక్కువ ఉన్న చేపను చింతపండు పులుసులో వండుకోవాలి, లేదా వేయించుకోవాలి. ఎందుకంటే నూనె చేపల కొవ్వు చాలా సున్నితమైనది. నీళ్లలో అలా మరుగుతూ ఉంటే ఆ కొవ్వు పాడై, ఘాటైన వాసన వేస్తుంది, రసం మీద తెట్టు కడుతుంది. పిల్లలు ముక్కు మూసుకునేది ఆ వాసనకే. రీల్‌లో చూపించిన సాల్మన్ కూడా నూనె చేపే. చల్లటి సముద్రాల నుంచి గడ్డకట్టించి ఇక్కడికి తెచ్చి, అంత డబ్బు పోసి కొని, చివరికి వాసన వచ్చే సూప్ చేసుకోవడం ఎందుకు చెప్పండి?

కొర్రమీను: తెలంగాణ రాష్ట్ర చేప. కొవ్వు తక్కువ, కండలో సన్నముళ్లు ఉండవు. గాలి పీల్చి బతకగలదు కాబట్టి తొట్టెలో బతికే ఉంటుంది, తాజాదా కాదా అన్న అనుమానమే ఉండదు. చిన్నపిల్లలున్న ఇంటికి నా మొదటి ఓటు దీనికే. ధర ఎక్కువే, కాని ముక్కలు కూరకి, తల, ముల్లు సూప్‌కి అనుకుంటే గిట్టుబాటు అవుతుంది. ఒక్క జాగ్రత్త. మన దేశంలో పెంపకం నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ కూడా తొట్టెల్లో బతికే కనిపిస్తుంది. కొర్రమీనుకు పొలుసు ఉంటుంది, తల పాము తలలా ఉంటుంది. క్యాట్‌ఫిష్‌కు పొలుసు ఉండదు, మూతి చుట్టూ మీసాలుంటాయి. కోయించకముందే చూసుకోండి.

బొచ్చె: తక్కువ ఖర్చులో సూప్ కావాలంటే దీనికి సాటి లేదు. తల పెద్దది, దాంట్లో జిగురు, మెత్తటి కండ పుష్కలం. చెరువు చేప కాబట్టి కొన్నిసార్లు మట్టి వాసన ఉంటుంది. అది చెరువులో పెరిగే నాచు జాతి జీవుల నుంచి వచ్చే వాసన. పుల్లటిది తగిలితే తగ్గుతుంది. అందుకే మన ఇళ్లలో నిమ్మకాయో, మజ్జిగో, చింతపండో వేసి కడుగుతారు.

రవ్వ: ఆంధ్రలో శీలావతి అంటారు. రసం తేటగా వస్తుంది. బొచ్చె, రవ్వ, ఎర్రమోసు మూడింటికీ కండలో రెండు పాయలుగా చీలిన సన్నముళ్లు ఉంటాయి. కాబట్టి రసం గుడ్డలో వడకట్టే ఇవ్వాలి.

పండుగప్ప: కోస్తావాళ్లకి దీని గురించి చెప్పక్కర్లేదు. రుచిలో రాజు. పండక్కి కొన్నప్పుడు తల మాత్రం పారేయకండి.

పంగస్: బోన్‌లెస్ ముక్కలుగా ఎక్కువగా అమ్మేది ఇదే. వేపుడుకి బాగుంటుంది. ముక్కలే తెస్తే అందులో ముల్లు లేదు, ఇక ముళ్ల సూప్ ఎక్కడిది?

నూనె చేపలు వేరే వరస. కానాగంతలు, కవళ్లు పిల్లలకు చాలా మంచివి. వాటి నూనెలోనే ఒమేగా-3 ఉంది, ధరా తక్కువ. సాల్మన్‌లో ఉందని చెప్పే గొప్ప కూడా అదే ఒమేగా-3. కాబట్టి మెదడుకి మంచిదని చేప పెట్టాలనుకునేవాళ్లు కానాగంతల పులుసు పెట్టండి, సూప్ మాత్రం చేయకండి. పులస సంగతి సరేసరి. పుస్తెలమ్మి కొన్నా దాన్ని పులుసే పెట్టుకోవాలి. నూనెకి నూనె, ముళ్లకి ముళ్లు, పిల్లల సూప్‌కి రెండు విధాలా తగదు.

పెద్ద వేటచేపల విషయంలో కొంచెం వెనక్కి తగ్గమంటాను. సొర, పెద్ద ట్యూనా లాంటివి చిన్న చేపల్ని తిని, వాటిలోని పాదరసాన్ని తమ ఒంట్లో పోగేసుకుంటాయి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ పిల్లలకు, గర్భిణులకు వద్దన్న చేపల్లో సొర, కింగ్ మాకరెల్ ఉన్నాయి. మన వంజరం ఆ కింగ్ మాకరెల్‌కి దగ్గరి చుట్టమే. ఎప్పుడో ఒకసారి తింటే భయపడక్కర్లేదు. వారం వారం చిన్నపిల్లలకు అదే అలవాటు చేయకండి అంటున్నానంతే. "ఖరీదైనది కాబట్టి బలం ఎక్కువ" అనే లెక్క చేపల్లో పనిచేయదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

తాజాదనం ముందు, పేరు తర్వాత

ఏ చేపైనా తాజాగా లేకపోతే దండగే. ముళ్ల సూప్‌కి ఇది మరీ ముఖ్యం. కూరలో మసాలా కొన్ని లోపాల్ని కప్పేస్తుంది, పల్చటి రసంలో ఏదీ దాగదు. కన్ను తేటగా, కొంచెం ఉబ్బి ఉండాలి. లోపలికి పోయి, తెల్లగా మసకబారితే వద్దు. మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా తడిగా ఉండాలి. వేలితో నొక్కితే కండ మళ్లీ పైకి రావాలి. పొట్ట మెత్తబడకూడదు. మంచి చేప చెరువు నీళ్ల వాసనో, సముద్రపు వాసనో వేస్తుంది గానీ కుళ్లు వాసన వేయదు.

కానాగంతలు, ట్యూనా, వంజరం లాంటి సముద్రపు చేపలు ఐస్ లేకుండా గంటల తరబడి ఉంటే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. చాలామంది అది చేప పడలేదనుకుంటారు, అసలు దోషం ఐస్ లేకపోవడం. సాయంత్రం బండి మీద సగం ధరకి ఇస్తున్నారని సముద్రపు చేప కొనేముందు ఈ మాట గుర్తు తెచ్చుకోండి.

ఫార్మాలిన్ గురించి కూడా కొందరు అడిగారు. 2018లో కేరళ అధికారులు ఫార్మాలిన్ కలిపిన చేపల్ని పట్టుకున్నాక, గోవా, అస్సాం లాంటి రాష్ట్రాలు బయటి నుంచి వచ్చే చేపల్ని కొంతకాలం ఆపేశాయి. ఆ దెబ్బ మన ఆంధ్ర చెరువుల రైతులకూ తగిలింది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఫార్మాలిన్‌ని కనిపెట్టే చిన్న కాగితపు స్ట్రిప్ కిట్‌ను కూడా తయారుచేసింది. అయితే ఇంటికి అన్నింటికన్నా సులువైన దారి, దగ్గర్లో పెరిగిన చేపను కళ్ల ముందు కోయించుకోవడం. కొల్లేరు చుట్టుపక్కల పట్టిన చేప ఐస్‌లో మునిగి రాత్రికి బయల్దేరితే తెల్లారేసరికి మన ఊళ్లలో ఉంటుంది. అంత దగ్గర చేప ఉండగా దూరపు చేప మీద మోజెందుకు?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ముగిసింది కాబట్టి ఇప్పుడు మన తీరం చేపలూ వస్తున్నాయి. మృగశిర కార్తె రద్దీ కూడా అయిపోయింది. ఈ నెల తీరిగ్గా చూసి కొనుక్కోవచ్చు.

కోసేవాడి దగ్గర రెండు మాటలు, పొయ్యి దగ్గర నాలుగు

కోయించేటప్పుడు "తల రెండుగా చీల్చు, మొప్పలు పూర్తిగా తీసెయ్" అని చెప్పండి. మొప్పలు ఉంటే రసం చేదెక్కి, నలుపు తిరుగుతుంది. నడిమి ముల్లుకి అంటుకున్న నల్లటి రక్తం గోకించండి. పిత్తం తిత్తి పగలకుండా తీయమనండి. అది చేదు మాత్రమే కాదు. బొచ్చె, రవ్వ, గడ్డిచేప జాతి చేపల పిత్తంలో మూత్రపిండాల్ని దెబ్బతీసే విషం ఉంది. మందని నమ్మి ఆ తిత్తి మింగి ఆస్పత్రి పాలైనవాళ్ల కేసులు వైద్యపత్రికల్లో నమోదయ్యాయి. ఎవరు ఏ చిట్కా చెప్పినా దాన్ని పిల్లల దరిదాపుల్లోకి రానివ్వకండి.

ఇంటికి వచ్చాక తలకి ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి పది నిమిషాలు ఉంచి కడగండి. అరకిలో తల, ముల్లుకి లీటరున్నర చన్నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టండి. అల్లం, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఒక ఉల్లిపాయ, పది మిరియాలు, కొత్తిమీర కాడలు వేయండి. పైకి వచ్చే నురగ తీసేస్తూ, సన్న మంట మీద ముప్పై నుంచి నలభై నిమిషాలు ఉడికించండి. అంతే. మటన్ బొమికల్లా గంటలు గంటలు అక్కర్లేదు. చేప కొల్లాజెన్ త్వరగా కరుగుతుంది. ఎక్కువసేపు ఉంచితే రుచి చెడుతుంది. కుక్కర్ కూడా వద్దు. సన్నముళ్లు విరిగి రసంలో కలిసిపోతాయి.

ముందు జల్లెడలో, తర్వాత పల్చటి గుడ్డలో, రెండుసార్లు వడకట్టండి. తలలోని మెత్తటి కండను పెద్దవాళ్లు వేళ్లతో తడిమి, ముల్లు లేదని చూసుకుని, రసంలో కలపండి. దించాక నిమ్మరసం పిండండి. ముఖ్యంగా సముద్రపు చేపల నీచు వాసనకు కారణమైన పదార్థం క్షారగుణం కలది. నిమ్మలోని ఆమ్లం దాన్ని పట్టి ఉంచేస్తుంది. మీ ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే ఇది వాళ్ల కెమిస్ట్రీ పాఠమే. వాళ్లచేతే నిమ్మకాయ పిండించి ఎందుకో అడగండి.

మిగిలితే త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజుల్లో వాడేయండి. లంచ్ బాక్స్‌లో మాత్రం పంపకండి. పొద్దున ఏడింటికి పోసిన సూప్ మధ్యాహ్నం దాకా గోరువెచ్చగా ఉండటం మంచిది కాదు. చేప పడని పిల్లలకి రసం కూడా ఇవ్వకూడదు. అలర్జీ కలిగించే ప్రొటీన్ ఉడికించినా చావదు, రసంలోకి దిగుతుంది. అలాంటి పిల్లలుంటే మీ క్లాస్ టీచర్‌కి తప్పకుండా చెప్పి, డైరీలో రాయించండి.

టైం లేదు, వాసన వస్తుంది అంటారా?

ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో ఇది ఎక్కడ కుదురుతుందని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. రోజూ చేయమని అనడం లేదు. ఆదివారం ఎలాగూ చేప వండుతారు. కూర ఒక పొయ్యి మీద, రసం ఇంకో పొయ్యి మీద. అదనంగా పట్టేది వడకట్టే పది నిమిషాలే. అపార్ట్‌మెంట్‌లో వాసన వస్తుంది, పక్కింటివాళ్లు ఏమంటారో అని కొందరు అన్నారు. తాజా చెరువు చేప తల ఉడికితే పక్కింటిదాకా పోయేంత వాసన రాదు. అలా వస్తే చేప పాతదన్నా అయ్యుండాలి, నూనె చేపన్నా అయ్యుండాలి.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది వేరే విషయం. తలకాయ అడగడం కొందరికి నామోషీగా ఉంది. అది డబ్బు లేనివాళ్ల తిండి అనే భావన ఎప్పుడు వచ్చిందో తెలియదు. మా ఊళ్లో చేప తల ఇంటికొచ్చిన అల్లుడి కంచంలో పడేది. ఇంటి పెద్దకి గౌరవంగా వడ్డించేవాళ్లు. ఇప్పుడు అదే తలకాయను ఇంగ్లిష్‌లో "బ్రాత్" అంటేనే మనకి గౌరవంగా అనిపిస్తోంది. ఇంగ్లిష్ చెప్పేదాన్ని నేనే ఈ మాట అంటున్నాను. ఆ భాష నేర్పడం నా పని, చేతనైనంత బాగా నేర్పుతాను. కాని ఏది మంచి తిండో తేల్చే అధికారం ఆ భాషకి ఇవ్వకండి.

ఆరో తరగతిలో కామన్ నౌన్స్ చెప్తూ, అయిదు చేపల పేర్లు రాయమన్నాను. షార్క్, సాల్మన్, గోల్డ్‌ఫిష్ వచ్చాయి. డాల్ఫిన్, వేల్ కూడా వచ్చాయి, అవి చేపలే కావు. వారం వారం వాళ్ల కంచంలో పడే చేప పేరు రాసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఒక బాబు మాత్రం నా దగ్గరికి వచ్చి, "మిస్, బొమ్మిడాయికి స్పెల్లింగ్ ఏంటి?" అని అడిగాడు. వాళ్ల తాతయ్యతో మార్కెట్‌కి వెళ్తాడట. కన్ను చూసి, మొప్ప ఎత్తి చేప ఎలా ఎంచాలో ఆ రోజు క్లాసులో అందరికీ వాడే చెప్పాడు. మామూలుగా క్లాసులో నోరు విప్పని పిల్లాడు. వాడు చెప్తుంటే మిగతా పిల్లలు ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు.

అందుకే మీకు నా విన్నపం. సూప్ తాగితే మీ పిల్లలు రెండు అంగుళాలు పెరుగుతారని నేను మాటివ్వలేను, ఎవరూ ఇవ్వలేరు. కాని ఈ ఆదివారం మార్కెట్‌కి వెళ్లేటప్పుడు వాళ్లని వెంట తీసుకెళ్లండి. పది చేపలు చూపించి, ఏది తాజాదో వాళ్లనే చెప్పమనండి. పేర్లు తెలుగులో నేర్పండి, ఇంగ్లిష్ పేర్లు సోమవారం నేను చెప్తాను. కోసే అబ్బాయి "తల కావాలా?" అని అడిగితే, "కావాలి, మొప్పలు తీసెయ్" అని మీ పిల్లలచేతే చెప్పించండి.

మీ
ఇంగ్లిష్ టీచర్, 6 నుంచి 8 తరగతులు